గుంటూరు డాక్టరమ్మ సిస్టర్ మేరీ గ్లౌరీ



“అమ్మాయిని ఇంత చదివించి మఠానికి పంపితే చదువంతా వృథాయే కదా ఫాదర్!” అని మన పల్నాటి విచారణలలో కొందరు తల్లిదండ్రులు అంటుంటారు. దీనికి జవాబు మన గుంటూరు మేత్రాసన చరిత్రలోనే ఉన్నది.

మేరీ గ్లౌరీ 1887లో ఆస్ట్రేలియాలో జన్మించారు. మెల్‌బోర్న్‌లో వైద్యవిద్య చదివి, డాక్టరుగా మంచి పేరు పొందారు. భారతదేశంలో వైద్యం అందక తల్లులు, పసిబిడ్డలు మరణిస్తున్నారని 1915లో ఒక చిన్న పుస్తకంలో చదివి, మోకరించి ప్రార్థించారు. 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరి, యేసు మరియ జోజప్పల సభలో ప్రవేశించారు.

ఆనాడు మఠకన్యలు వైద్యవృత్తి చేయుటకు శ్రీసభ నియమాలు ఒప్పుకొనేవి కావు. 15వ బెనెడిక్టు పోపుగారు ఆమెకు ప్రత్యేక అనుమతినిచ్చారు. ఆమె గుంటూరులో పునీత జోజప్పగారి ఆసుపత్రిని నెలకొల్పి పెంచారు. స్థానిక స్త్రీలకు నర్సు పని, మంత్రసాని పని నేర్పించారు. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. 1957 మే 5న బెంగుళూరులో ప్రభువునందు నిద్రించారు. 2013లో గుంటూరులోనే ‘దైవసేవకురాలు’గా ప్రకటింపబడ్డారు.

ఆమె చదువు వృథా అయినదా? సువార్తలో తలాంతును పోగొట్టుకున్నది దానిని పాతిపెట్టినవాడే. ఆమె తన చదువును దేవునికిచ్చారు. దేవుడు దానిని మన పేద తల్లులకిచ్చాడు.

తల్లిదండ్రులారా, బిడ్డలను బలవంతాన మఠానికి పంపవద్దు. పిలుపు విన్న బిడ్డకు అడ్డుపడనూ వద్దు. ఈ రాత్రి కుటుంబ జపమాలలో ఈ కోరికతో ప్రార్థించండి.