చేయూత ఎప్పుడు వదలవలెను?

బుద్ధిమాంద్యము గల పిల్లల చదువును గూర్చి పత్రికలలో అప్పుడప్పుడు వ్యాసములు కనిపించుచుండును. ఆ పిల్లలే పెద్దవారైన పిమ్మట వారి దినము ఎట్లు గడచునో వ్రాసినవారు తక్కువ. మా వీధిలోని ఒక ఖాలా నన్నొకనాడు ఆపి, "నేను కన్ను మూస్తే వీడికి చాయ్ కప్పు ఎవరందిస్తారు బేటా?" అని అడిగినారు. వీడనగా ఆమె కుమారుడు. వయస్సు 28 సంవత్సరములు. నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఇంటికి వచ్చి ఆలోచింపగా, ప్రశ్ననే కొంచెము మార్చవలెననిపించినది. చాయ్ అందించువారిని వెదకుట కాక, అతడే కాచుకొనునట్లు చేయలేమా?

"ఎన్నేండ్లు వచ్చినా ఐదేండ్ల బుద్ధే" అని ఇరుగుపొరుగు వారందురు. ఇది సరియైన మాట కాదు. ఐదేండ్ల బిడ్డ 28 రంజానులు చూచియుండదు. తండ్రి జనాజా వెంట నడచియుండదు. ఈ యువకుడు అన్నియు చూచినాడు. అతనికి కొరతయైనది అనుభవము కాదు, నేర్చుకొను వేగము. కనుక బొమ్మ నాణెములు, రంగు పూసలు ముందుంచి కూర్చుండబెట్టుట అతని వయస్సునకు అవమానము.

అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయమునకు చెందిన మార్క్ గోల్డ్ 1972లో ప్రచురించిన ప్రయోగము ఈ విషయమున కనువిప్పు. తేలిక పనులకు మించి చేయలేరని అందరును తలచినవారికి ఆయన 15 భాగములు గల సైకిలు బ్రేకును కూర్చుట నేర్పెను. కొందరికి, అమర్చునపుడు పైకి కనిపించవలసిన వైపున ఎరుపు రంగు పూసిన భాగములనిచ్చెను. వారు మిగిలినవారికంటె త్వరగా నేర్చిరి. మనిషి నేర్వనప్పుడు లోపమును అతనిలో వెదకుటకు ముందు నేర్పిన విధములో వెదకవలెనని దీని తాత్పర్యము. ఉపాధ్యాయులమైన మనకు ఇది కొంచెము చేదు మాటయే!

ఇక చాయ్ సంగతి. మనకు అది ఒక్క పని. విడదీసి చూచిన పదికి పైగా పనులు. గిన్నె తీయుట, కప్పుతో నీరు కొలిచి పోయుట, పొయ్యి వెలిగించుట, పత్తీ, చక్కెర, పాలు వేయుట, పొంగు చూచుట, పొయ్యి ఆర్పుట, పట్టకారుతో దించుట, వడపోయుట. ఈ పట్టికను కుర్చీలో కూర్చుండి వ్రాయరాదు. ఒకసారి స్వయముగా కాచి వ్రాయవలెను. నేను కూర్చుండి వ్రాసి పట్టకారు మరచితిని.

నేర్పుట మాత్రము చివరి మెట్టు నుండి ఆరంభించుట మేలు. మొదటి దినములలో తల్లి అన్నియు చేసి, వడపోసిన చాయ్‌ని కప్పులో పోయుట ఒక్కటే కుమారునికి విడువవలెను. అది కుదిరిన పిమ్మట వడపోత కూడ అతనిదే. అట్లు ఒక్కొక్క మెట్టు వెనుకకు పోయినచో, ప్రతిదినము పని అతని చేతిలోనే ముగియును. ఫలము వేడిగా నోటికి అందును.

సహాయములలో చేయి పట్టుట, వ్రేలితో చూపుట, నోటితో చెప్పుట అను భేదములు కలవు. వీనిలో వదలించుకొనుటకు కష్టమైనది నోటిమాట. "ఇప్పుడు చక్కెర వెయ్యి" అని దినదినము అన్నచో ఆ మాటయే పనిలో ఒక మెట్టుగా అతుకుకొనును. చెప్పువారు లేనినాడు చేయి ఆగిపోవును. గోడకు వరుసగా అంటించిన బొమ్మలు దీనికంటె నయము. చేయి ఆగినప్పుడు మనసులో ఐదు లెక్కించి, ఆ పిమ్మటనే వ్రేలు చూపవలెను. ఆ ఐదు అంకెలు తల్లికి ఎంత దీర్ఘములో ఖాలాను చూచి తెలిసికొంటిని.

డబ్బు విషయమున కూడికలు వచ్చువరకు ఆగనక్కరలేదు. దుకాణదారుడు 34 రూపాయలనినచో మూడు పది నోట్లు, పైన ఇంకొకటి. ఈ ఒక్క సూత్రముతో పని జరుగును. కాని తరగతిలో కాగితపు నోట్లతో నేర్చినది బజారులో అక్కరకు రాకపోవుట సాధారణము. కనుక నిజమైన దుకాణములో, నిజమైన నోట్లతోనే సాధన చేయింపవలెను.

కాలుతుందేమో, తప్పిపోతాడేమో అను భయము సహజము. అమెరికా రచయిత రాబర్ట్ పెర్స్కే 1972లోనే, అపాయమును ఎదుర్కొను అవకాశము కూడ మానవ గౌరవములో భాగమని వాదించెను. అట్లని గ్యాసు అప్పగించి బయటకు పొమ్మనలేము. మనిషి మారుట కష్టమైనచోట పనిముట్టును మార్చవచ్చును. ఇండక్షన్ పొయ్యి తెచ్చి, నొక్కవలసిన చోట ఎర్ర చుక్క పెట్టినచో గోల్డ్ రంగు మన వంటింటికి వచ్చినట్లే.

చట్టము కూడ ఈ దారినే నడచినది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టము సంరక్షకుని నియామకమునకు ఏర్పాటు చేయగా, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము పరిమిత సంరక్షకత్వమును, అనగా ఆ వ్యక్తితో కలిసి నిర్ణయించుటను, ముందుంచినది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఈ రంగమున శిక్షణకు ప్రసిద్ధము. సందేహములున్నవారు అచట విచారింపవచ్చును.

ఖాలా కుమారుడు ఇప్పుడు నీరు కొలుచుట మొదలు వడపోయుట వరకు తానే చేయుచున్నాడు. పాలు పొంగు సమయమున మాత్రము ఆమె ఇంకను గడప దగ్గర నిలుచుండును. మొన్న నేను పోయినప్పుడు అతడు రెండు కప్పులు తెచ్చినాడు. నా దానిలో చక్కెర లేదు.