తప్పు కోడ్‌లో ఉందా, వైర్లో ఉందా?

ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలోకి వచ్చేసరికి మా బ్రాంచి వాళ్ళందరికీ ఒక సందేహం వస్తుంది. "ఎలాగూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికే కదా వెళ్ళేది. మరి ఈ ట్రాన్సిస్టర్లూ, ఆప్ఆంపులూ మనకెందుకు?" ఈసీఈలో చేరినా, బ్రాంచి పేరులోనే ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ రెండూ ఉన్న ఈసీఎంలో చేరినా ఇదే మాట. దాంతో క్లాసు రెండుగా చీలిపోతుంది. కోడింగ్ వాళ్ళు కొందరు, సర్క్యూట్ల వాళ్ళు కొందరు. నాలుగో సంవత్సరం వచ్చేసరికి ఏ వైపూ పూర్తిగా రానివాళ్ళు మిగతావాళ్ళు. ప్రాజెక్టు కావాలంటే అమీర్‌పేటలో రెడీమేడ్‌గా దొరుకుతుందన్న ధీమా ఎలాగూ ఉంది.

ఈ రెండూ రెండు సబ్జెక్టులు కావని చెప్పడానికే ఈ వ్యాసం. సలహాలు చెబితే ఎవరూ వినరు కాబట్టి, ల్యాబ్‌లో అందరం చేసే మూడు చిన్న పనుల మీద చెబుతాను. కావలసింది ఒక ఆర్డుయినో ఊనో, ఒక బటన్, ఒక ఎల్ఎం35 సెన్సారు, ఒక మల్టీమీటరు.

1. సున్నా ఎక్కడిది, ఒకటి ఎక్కడిది?

కంప్యూటర్‌కి 0, 1 మాత్రమే తెలుసని ఇంటర్ నుంచీ వింటున్నాం. కానీ వైర్లో 0 గానీ 1 గానీ పారవు. అక్కడ ఉండేది వోల్టేజీ. ఆర్డుయినో ఊనోలో ఉండే ఏటీమెగా 328పీ చిప్ 5 వోల్టుల మీద నడుస్తున్నప్పుడు, పిన్ను దగ్గర 1.5 వోల్టుల లోపు ఉంటే 0 అనీ, 3 వోల్టులు దాటితే 1 అనీ కచ్చితంగా చదువుతుంది. మధ్యలో ఉంటే ఏమని చదువుతుందో చిప్ తయారుచేసినవాళ్ళు హామీ ఇవ్వరు.

మరి పిన్నుకి ఏమీ తగిలించకుండా వదిలేస్తే? గడియ పెట్టని తలుపు గాలికి కొట్టుకున్నట్టు ఉంటుంది దాని పరిస్థితి. పక్క వైర్లోని సిగ్నల్, గోడలోని 50 హెర్ట్జ్ కరెంటు, దగ్గరకు తెచ్చిన మన చెయ్యి, ఏదైనా దాన్ని ఊపేస్తుంది. అందుకే పుల్-అప్ రెసిస్టర్ పెడతాం. తలుపుని ఒకవైపుకి లాగి ఉంచే చిన్న స్ప్రింగు లాంటిది అది. బటన్ నొక్కనంతసేపూ పిన్ను 5 వోల్టుల వైపు ఉంటుంది, నొక్కితే గ్రౌండ్‌కి దిగుతుంది. ఈ రెసిస్టర్ చిప్ లోపలే ఉంటుంది, విలువ 20 నుంచి 50 కిలో ఓమ్‌ల మధ్య. ఒక్క లైను కోడ్‌తో ఆన్ అవుతుంది. కోడ్ రాసేవాడికి అదొక మామూలు కమాండ్. సర్క్యూట్ తెలిసినవాడికి, తను ఒక రెసిస్టర్ తగిలించాడని తెలుసు.

2. ఒక్కసారి నొక్కితే అయిదు

ఇప్పుడు బటన్ ఎన్నిసార్లు నొక్కామో లెక్కపెట్టే ప్రోగ్రాం రాయండి. ఒకసారి నొక్కితే ఒక్కోసారి 1 వస్తుంది, ఒక్కోసారి 3, ఒక్కోసారి 5. కోడ్ ఎన్నిసార్లు చూసినా తప్పు దొరకదు. ఎందుకంటే తప్పు బటన్ లోపల ఉంది. లోహపు రేకులు రెండు తగిలినప్పుడు వెంటనే కుదురుకోవు. నేలకేసి కొట్టిన బంతిలా కొన్ని మిల్లీసెకన్లపాటు ఎగిరెగిరి పడతాయి. మన కంటికి అది ఒకటే నొక్కు. కానీ చిప్ గడియారం సెకనుకి 1 కోటీ 60 లక్షలసార్లు కొట్టుకుంటుంది. దానికి ప్రతి ఎగురూ కనబడుతుంది.

దీనికి రెండు మందులున్నాయి. కోడ్‌లో అయితే, మొదటి మార్పు కనబడ్డాక ఓ 20 మిల్లీసెకన్లు ఆగి మళ్ళీ చూడటం. సర్క్యూట్‌లో అయితే, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టడం. రెండింటినీ గుణిస్తే 10 మిల్లీసెకన్ల టైమ్ కాన్‌స్టెంట్. ఆ గంతుల్ని కెపాసిటర్ మింగేస్తుంది. ఏది మంచిది? లక్ష బోర్డులు తయారుచేసే కంపెనీ అయితే ప్రతి బోర్డుకీ కెపాసిటర్ ఖర్చు, కోడ్ మాత్రం ఒక్కసారే రాస్తాం. చుట్టూ మోటార్లు తిరిగే చోట పెట్టాల్సిన బోర్డు అయితే, పొడుగు వైర్ మీద వచ్చే గోలని కొంతవరకు సర్క్యూట్‌లోనే ఆపడం మేలు. రెండు మందులూ తెలిసినవాడే ఈ నిర్ణయం తీసుకోగలడు.

ఇదేదో ల్యాబ్ ఆట అనుకోకండి. ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం 1982లో కేరళలోని పరూర్ నియోజకవర్గంలో మొదటిసారి వాడారు. అక్కడా ఉన్నది బటనే. ఒక నొక్కు ఒక్క ఓటుగానే పడాలి, రెండుగా పడితే అది బగ్ అని సరిపెట్టుకోలేం.

3. గదిలో 30 డిగ్రీలు, తెరమీద 31

మా జూనియర్ ఒకడు ఎల్ఎం35తో గది ఉష్ణోగ్రత కొలుస్తూ వచ్చి అడిగాడు: "అన్నా, కోడ్ సరిగ్గానే ఉంది. మరి రీడింగు ఒక్కచోట నిలబడదేటి?" తెరమీద 29.79, 30.27 మారి మారి వస్తున్నాయి.

లెక్క వేసి చూద్దాం. ఎల్ఎం35 ఒక్కో డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. 30 డిగ్రీలంటే 300 మిల్లీవోల్టులు. ఆర్డుయినో ఏడీసీ 10 బిట్లది, అంటే 5 వోల్టుల్ని 1024 మెట్లుగా కోస్తుంది. ఒక్కో మెట్టు 4.88 మిల్లీవోల్టులు. 300ని 4.88తో భాగిస్తే 61 దాటి కొంచెం. కాబట్టి చిప్ చెప్పేది 61, కాస్త కదిలితే 62. 61ని డిగ్రీల్లోకి మారిస్తే 29.79. 62ని మారిస్తే 30.27. ఈ రెంటికీ మధ్యలో ఆ యంత్రానికి వేరే అంకే లేదు. దశాంశం తరవాత రెండు స్థానాలు ప్రింట్ చేసినంత మాత్రాన అంత నిశితంగా కొలిచినట్టు కాదు.

ఇక్కడ కోడ్ ఒక్కటే తెలిసినవాడు పది రీడింగుల సగటు తీస్తాడు. కొంత మేలే. సర్క్యూట్ కూడా తెలిసినవాడు ఇంకోటి అడుగుతాడు: "300 మిల్లీవోల్టులు కొలవడానికి 5 వోల్టుల కొలబద్ద ఎందుకు?" అదే చిప్‌లో 1.1 వోల్టుల రిఫరెన్సు ఉంది. దానికి మారిస్తే మెట్టు 1.07 మిల్లీవోల్టులు అవుతుంది, అంటే డిగ్రీలో పదో వంతు. బదులుగా 110 డిగ్రీలు దాటితే కొలవలేం. గదికి అంత అక్కర్లేదు కదా.

ఇంకో మెలిక ఉంది. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి వచ్చేది ఎప్పుడూ సరిగ్గా 5 వోల్టులే ఉండదు. 4.75కి తగ్గిందనుకోండి. మెట్టు 4.64 అవుతుంది, అదే 300 మిల్లీవోల్టులకి చిప్ 64 చెబుతుంది. మన కోడ్ మాత్రం 5 వోల్టులనే నమ్మి 31.25 డిగ్రీలని చూపిస్తుంది. గది వేడెక్కలేదు, కొలబద్ద కురచయింది. మల్టీమీటరు పెట్టి చూస్తే అరనిమిషంలో తేలుతుంది. 1.1 రిఫరెన్సు కూడా ఒక్కో చిప్‌లో 1.0 నుంచి 1.2 దాకా ఉండొచ్చని డేటాషీట్ చెబుతుంది. కాబట్టి దాన్ని కూడా ఒకసారి కొలిచి, ఆ విలువే కోడ్‌లో రాసుకోవాలి. వైవాలో "మీ ప్రాజెక్టు 31 ఎందుకు చూపిస్తోంది?" అని అడిగితే, కొనుక్కున్న ప్రాజెక్టు ఈ జవాబు చెప్పదు.

ఫర్నేసు దగ్గరికి వెళ్తే

మాంగనీసు, ఫెర్రో ఎల్లాయిస్ అనే మాటలు వినకుండా గరివిడి చుట్టుపక్కల ఎవరూ పెరగరు. మరి ఫర్నేసు గోడ వేడిని ఎల్ఎం35తో కొలవగలమా? అది 150 డిగ్రీల వరకే పనికొస్తుంది. అక్కడ థర్మోకపుల్ కావాలి. రెండు వేర్వేరు లోహాల తీగల్ని ఒక కొసన కలిపి వేడిచేస్తే చిన్న వోల్టేజీ పుడుతుందన్నది 1821లో సీబెక్ గమనించిన సంగతి. కె-టైప్ థర్మోకపుల్‌లో ఒక తీగ క్రోమెల్, రెండోది అల్యుమెల్. అల్యుమెల్‌లో నికెల్‌తోపాటు కొద్దిగా మన మాంగనీసు కూడా ఉంటుంది.

ఇది డిగ్రీకి ఇచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులు. ఆర్డుయినో మెట్టు 4.88 మిల్లీవోల్టులు. భాగించండి: ఒక్కో మెట్టుకి 119 డిగ్రీలు! ఏ కోడూ దీన్ని బాగుచెయ్యలేదు. 100 రెట్లు పెంచే ఆంప్లిఫయర్ పెడితే మెట్టుకి 1.2 డిగ్రీలు అవుతుంది, 1000 డిగ్రీల దగ్గర 4.1 వోల్టులు వచ్చి 5 వోల్టుల్లో ఇమిడిపోతుంది. కానీ ఏ ఆప్ఆంప్? ఎల్ఎం358 లాంటి మామూలు దాంట్లో 2 మిల్లీవోల్టుల ఇన్‌పుట్ ఆఫ్‌సెట్ ఉండటం సాధారణం. ఇక్కడ అది దాదాపు 49 డిగ్రీల తేడా. పరీక్షలో రెండు మార్కుల కోసం బట్టీపట్టిన ఇన్‌పుట్ ఆఫ్‌సెట్ వోల్టేజీ అంటే ఇదే. తరవాత, తీగల రెండో కొస దగ్గరి వేడిని వేరే కొలిచి కలపాలి, దాని పట్టికని కోడ్‌లో పెట్టాలి. చూశారా, మళ్ళీ కోడ్ దగ్గరికే వచ్చాం.

ముందు నడిచినవాళ్ళు

ఈ రెంటినీ విడదీయకుండా పనిచేసిన పెద్దమనిషి మన తెలుగువాడే. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు. అందరికీ ఏ.ఎస్.రావుగా తెలుసు, హైదరాబాద్‌లో ఆయన పేరుమీద ఒక నగరే ఉంది. అణు రియాక్టర్లకి కొలిచే పరికరాలు కావాలి, కొలిచినవి లెక్కకట్టే యంత్రాలూ కావాలి. ట్రాంబేలో మొదలైన ఆ పని నుంచే 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పుట్టింది. రెండేళ్ళకి, 1969లో, టీడీసీ-12 అనే 12 బిట్ల కంప్యూటర్ బయటికొచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. కొలత, లెక్క ఒకే కప్పు కింద ఉన్నాయి కాబట్టే అది సాధ్యమైంది.

మనం ఎలా చదవాలి?

నేను పాటించే పద్ధతి చెబుతాను. ప్రతి ప్రయోగానికీ రికార్డు కాకుండా వేరే నోట్‌బుక్‌లో మూడు గడులు గీస్తాను. మొదటిది "వైర్లో ఎంత ఉండాలి". రెండోది "మీటరు ఎంత చూపింది". మూడోది "కోడ్ ఎంత చదివింది". మొదటి రెండూ కలవకపోతే తప్పు సర్క్యూట్‌లో వెతుకుతాను. రెండో, మూడో గడులు కలవకపోతే రిఫరెన్సునీ కోడ్‌నీ చూస్తాను. ఎక్కడ వెతకాలో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇంకోటి, తెలుగు మీడియంలో చదివి వచ్చిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ప్రత్యేకంగా చెబుతున్నా. వోల్టేజీ, బిట్, రిఫరెన్స్ అనే మాటలు ఇంగ్లీషులోనే ఉండనివ్వండి, పరీక్షకీ ఇంటర్వ్యూకీ అవే కావాలి. కానీ "ఎందుకంటే" తరవాత వచ్చే వాక్యం ముందు మన భాషలో చెప్పుకోండి. పక్కవాడికి అర్థమయ్యేలా తెలుగులో చెప్పగలిగితే మీకు వచ్చినట్టు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకోవడం రెండు వారాల సాధన. అర్థంకాకుండా బట్టీపట్టిన ఇంగ్లీషుకి మాత్రం రెండో ప్రశ్న దగ్గరే నోరు పడిపోతుంది.

ఈ వారం చెయ్యాల్సిన పని ఇది. మీ బోర్డు 5 వోల్టుల పిన్నుని మూడు వేర్వేరు ల్యాప్‌టాప్‌ల మీద కొలవండి. మూడు అంకెలూ రాసుకుని, గదిలో 30 డిగ్రీలు ఉన్నప్పుడు మీ కోడ్ ఒక్కోదాని మీద ఎంత చూపిస్తుందో ముందు కాగితం మీద లెక్కకట్టండి. ఆ తరవాతే బోర్డు ఆన్ చెయ్యండి.