లేజర్ వెల్డింగ్ – కొన్ని విషయాలు

శ్రీరాంపూర్ బొగ్గు గనుల చెంత చదువుకున్న మనకు వెల్డింగ్ మెరుపు కొత్త కాదు. ఇప్పుడు ఆ పనిలోకి లేజర్ కూడా వచ్చింది. 1960లో మైమన్ తొలి లేజర్‌ను వెలిగించారు. 1964లో మన దేశంలో పుట్టిన కుమార్ పటేల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కనుగొన్నారు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐలో లేజర్‌తో లోహాలను అతకడం, గట్టిపరచడం, పూత వేయడంపై పరిశోధన జరుగుతోంది.

సన్నని కిరణం చిన్న చుక్కంత చోటనే లోహాన్ని కరిగిస్తుంది. అతుకు ఇరుకుగా, లోతుగా పడుతుంది. చుట్టూ వేడి తక్కువ కనుక రేకు అంతగా వంకర పోదు. అయితే అంచులు సందు లేకుండా కలవాలి.

ఐటీఐ చదివే తమ్ముళ్లకు మేము చెప్పేది ఒక్కటే. ఫైబర్ లేజర్ కిరణం కంటికి కనిపించదు, కానీ రెటీనాను కాల్చేస్తుంది. ఆర్క్ వెల్డింగ్ నల్ల అద్దాన్ని నమ్ముకోవద్దు. ఆ లేజర్‌కు తగిన కళ్లద్దాలు అడిగి పెట్టుకోండి.