రికవరీ ట్రక్కు ఎక్కడ ఉండాలి?

డబ్లిన్‌లో ఉద్యోగం చేసే తెలుగువారికి ఎం-50 గురించి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఊరి చుట్టూ ఇంగ్లీషు 'సి' అక్షరంలా తిరిగే మోటర్‌వే, సుమారు 45 కిలోమీటర్లు. సాయంత్రం ఐదింటికి రెడ్ కౌ దగ్గర రెండు కార్లు రాసుకుంటే చాలు, శాండీఫోర్డ్‌లో ఆఫీసు వదిలినవాడు పిల్లల క్రెష్ మూసేలోగా లూకన్ చేరడం కల్ల. ఇది మన బాధ. ఆగిపోయిన కారువాళ్ళది ప్రాణభయం. వెనక వచ్చే లారీ చూసుకోకపోతే రెండో ప్రమాదం జరుగుతుంది. కాబట్టి ఆ కారుని ఎంత త్వరగా లాగేస్తే అంత మంచిది. మరి లాగే ట్రక్కుని ఎక్కడ నిలిపి ఉంచాలి?

ఈ ప్రశ్న మన కంప్యూటర్ శాస్త్రానికి పాతదే. 1964లో హకీమీ అనే శాస్త్రవేత్త రాసిన పేపర్లో రెండు ఉదాహరణలున్నాయి: టెలిఫోన్ల నెట్‌వర్క్‌లో స్విచింగ్ సెంటర్ ఎక్కడ పెట్టాలి, హైవేల మీద పోలీస్ స్టేషన్ ఎక్కడ కట్టాలి అని. మీడియన్, సెంటర్ అని రెండు రకాల జవాబులు చూపించాడాయన. తేడా ఏమిటో చిన్న లెక్కతో చూద్దాం.

తిన్నని రోడ్డు మీద నాలుగు జంక్షన్లు ఉన్నాయనుకోండి. అ 0వ కిలోమీటరు దగ్గర, ఆ 10 దగ్గర, ఇ 15 దగ్గర, ఈ 40 దగ్గర. నెలకి ప్రమాదాలు వరసగా 2, 4, 3, 1. మన దగ్గర ఉన్నది ఒకటే ట్రక్కు.

సగటు దూరం తగ్గాలంటే ట్రక్కు 'ఆ' దగ్గర ఉండాలి. మొత్తం దూరం 20+0+15+30=65, అంటే సగటున 6.5 కిలోమీటర్లు. ఇది మీడియన్. కాని 'ఈ' దగ్గర ఆగినవాడికి ట్రక్కు 30 కిలోమీటర్లు రావాలి. అందరికన్నా దూరంగా ఉన్నవాడి దూరం తగ్గాలంటే ట్రక్కు సరిగ్గా మధ్యన, 20 దగ్గర ఉండాలి. ఇది సెంటర్. అప్పుడు ఎవరికీ 20 దాటదు గాని, సగటు 11.5కి పెరుగుతుంది.

సర్వర్లతో కుస్తీ పట్టేవాళ్ళకి ఇది తెలిసిన కథే. సగటు రెస్పాన్స్ టైమ్ బ్రహ్మాండంగా ఉంటుంది, ఫోన్ చేసి తిట్టే కస్టమరు మాత్రం ఆ చివర ఉంటాడు.

రెండో ట్రక్కు కొంటే? 'ఆ' దగ్గర ఒకటి, 'ఈ' దగ్గర ఒకటి పెడితే సగటు 3.5, గరిష్ఠం 10. తగాదా చాలావరకు తీరిపోతుంది. అంటే పోట్లాట అసలు డబ్బు చాలనప్పుడే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మోటర్‌వే మీద యూ-టర్న్ లేదు. ట్రక్కు ఒక జంక్షన్లో ఉంది, తరవాతి జంక్షన్ 5 కిలోమీటర్ల అవతల. ప్రమాదం కిలోమీటరు దూరంలోనే, కాని ఎదురు దిశలో జరిగింది. ట్రక్కు 5 కిలోమీటర్లు వెళ్ళి, తిరిగి 4 రావాలి. మొత్తం 9! కాబట్టి మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే పనికిరాదు. రెండు దిశలనీ వేరువేరు అంచులుగా గీసి, డైక్‌స్ట్రా పద్ధతితో దూరాలు కట్టాలి. దూరం బదులు ఆ వేళకి పట్టే నిమిషాలు వేస్తే ఇంకా నయం.

ఎం-50 లాంటి దారికి 15 చోట్లలో 4 ఎంచుకోవాలంటే 1365 రకాలే. ల్యాప్‌టాప్ క్షణంలో అన్నీ చూసేస్తుంది. దేశమంతా 500 చోట్లలో 20 ఎంచుకోవాలంటే మాత్రం అన్నీ చూడడం కుదరదు. ఒక్కొక్క స్టేషనూ ఎక్కువ ప్రమాదాలకి అందేలా వరసగా ఎంచుకుంటూ పోయే 'గ్రీడీ' పద్ధతి ఉంది. నిర్ణీత సమయంలో అందుకోగల ప్రమాదాల లెక్కలో అది ఉత్తమ జవాబులో కనీసం 63 శాతం ఇస్తుందని 1978లో నిరూపించారు.

ప్రోగ్రాం రాయడం తేలిక. సగటు తగ్గించాలా, చివరివాడి నిరీక్షణ తగ్గించాలా అన్నది ప్రోగ్రాం చెప్పదు, మనం చెప్పాలి. అది తేల్చుకోకుండా కోడ్ మొదలుపెడితే 'ఈ' దగ్గర ఆగినవాడు లెక్కలోంచి జారిపోతాడు. ఏదో ఒక రాత్రి అక్కడ ఆగేది మన కారే కావచ్చు.