ఇంట గట్టిన లౌడుస్పీకరు – చక్కని ధ్వనిని బడయు విధము



లౌడుస్పీకరును స్వయముగా నిర్మించుకొనవలెనను కుతూహలము మనలో పలువురకు గలదు. పని మిక్కిలి కష్టమైనది కాదు. కాని పెద్దగా మ్రోగుట వేఱు, ఉన్నదున్నట్లు పలుకుట వేఱు. ఈ భేదమును మేము పుస్తకమువలన గాక, రాజోలులోని యొక మామ్మగారివలన నేర్చుకొంటిమి.

గడచిన వేసవి సెలవులలో మేము కొందఱము కూడి, అంగడినుండి తెచ్చిన స్పీకరును పలుచని చెక్కలతో గొట్టిన పెట్టెలో బిగించి, పొరుగింటికి గొనిపోయితిమి. కువైటులో పనిచేయు కుమారుడు ఫోనులో పంపిన మాటలను ఆ యింటి మామ్మగారు దానియందు వినిరి. "ఇది మా అబ్బాయి గొంతు కాదర్రా, కుండలో మూతిపెట్టి మాట్లాడినట్టుంది" అనిరి. మేము శబ్దమును హెచ్చించితిమి. గొంతు మఱింత మాఱెను. లోపమెచ్చట గలదో నాటినుండి వెదకసాగితిమి.

మొదట స్పీకరు పనిచేయు తీరు తెలియవలెను. అయస్కాంతపు సందులోనున్న తీగచుట్టలో విద్యుత్తు ప్రవహింపగా, ఆ చుట్ట ముందునకును వెనుకకును కదలును. దాని కంటియున్న కాగితపు శంకువు గాలిని కదల్చును. ఈ మాదిరి స్పీకరును అమెరికాలో రైసు, కెల్లాగు అనువారు 1925లో లోకమునకు వివరించిరి. నేటికిని ముఖ్యసూత్ర మదియే. శంకువు ముందువైపు గాలిని నొక్కునపుడు వెనుకవైపు గాలి పలుచనగును. పెట్టె లేనిచో ఈ రెండు తరంగములును అంచును చుట్టివచ్చి కలిసికొనును. అందువలన మంద్రస్వరములు నశించును. వెనుకటి ధ్వనిని బంధించుటకే పెట్టె కావలసివచ్చెను.

బొబ్బిలి వీణను పనసకొయ్యను తొలిచి చేయుదురు. తీగతోపాటు ఆ కొయ్యయు పలుకవలెను. లౌడుస్పీకరు పెట్టె యిందుకు విరుద్ధము, అది పలుకరాదు. పలికినచో ప్రతివాని గొంతునకును తన గొంతును కలుపును. మా పెట్టెను వ్రేలితో గొట్టి చూడగా డోలువలె మ్రోగెను. మామ్మగారు వినిన కుండ యదియే!

కావున రెండవ పెట్టెను 18 మిల్లీమీటర్ల మందముగల, తేమకు చెడని ప్లైవుడ్డుతో గట్టితిమి. ఎదురెదురు పలకలు అదరకుండ లోపల నొక అడ్డుకొయ్యను బిగించితిమి. అతుకులనుండియు, తీగ పోవు రంధ్రమునుండియు గాలి వెడలకుండ జిగురుతో మూసితిమి. లోపలి గోడలకు మన సీమలో సమృద్ధిగా దొరకు కొబ్బరిపీచును శుభ్రపఱచి, యెండబెట్టి, మందముగా పఱచి, దుమ్ము స్పీకరులో పడకుండ పలుచని బట్టను కప్పితిమి. పీచు లోపలి ప్రతిధ్వనిని మ్రింగివేయును. పెట్టె కొలతను ఊహించి నిర్ణయింపరాదు; స్పీకరు చేసినవారిచ్చిన లెక్కలనుబట్టి నిర్ణయింపవలెను. మూసిన పెట్టె మఱీ చిన్నదైనచో మంద్రస్వరము ఒకచోట ఉబ్బి మ్రోగును. మన తేమగాలికి స్పీకరు అంచున నుండు నురుగువంటి మెత్తని పట్టీ పొడిపొడిగా రాలిపోవును గావున, రబ్బరు అంచుగలదానిని కొనుట మేలు.

తారస్వరములకై చిన్న స్పీకరును గూడ వాడువారు దానికి వరుసలో కెపాసిటరును చేర్చవలెను. 8 ఓముల చిన్న స్పీకరునకు 4.7 మైక్రోఫారడుల కెపాసిటరును చేర్చినచో, సుమారు 4,200 హెర్ట్జులకు దిగువనున్న స్వరములు క్రమముగా తగ్గును. లేనిచో దాని సన్నని తీగచుట్ట మాడిపోవచ్చును. రెండు పెట్టెలున్నచో ధన, ఋణ గుర్తులను రెంటను ఒకే విధముగా కలుపవలెను. తాఱుమాఱైనచో ఒక శంకువు ముందునకు వచ్చునపుడు రెండవది వెనుకకు పోవును, మంద్రము పలుచబడును.

ఇక గది. గాలిలో ధ్వని సెకనునకు సుమారు 343 మీటర్లు ప్రయాణము చేయును. 100 హెర్ట్జుల స్వరముయొక్క తరంగదైర్ఘ్యము 3.4 మీటర్లు, అనగా నొక చిన్న గది పొడవంత. అందువలన గది యాకారమే మంద్రమును శాసించును. పెట్టెను మూలలో నుంచినచో మంద్రము అతిగా మ్రోగును. గోడకు అడుగో రెండడుగులో యెడముగా, కూర్చున్నవారి చెవి యెత్తున నుంచవలెను. నడుమ ఆకాశము కనబడు మండువా లోగిలిలో ధ్వని కొంత పైకి పోవును గాని, నాలుగు సిమెంటు గోడల గదిలో అటునిటు కొట్టుకొని మాటలను కలగాపులగము చేయును. అట్టిచోట తెరలు, చాపలు, బొంతలు మిక్కిలి మేలుచేయును. ఇందుకు కాసు ఖర్చులేదు.

ఇంతయు ముగించి, శబ్దమును హెచ్చింపక, అవే మాటలను మామ్మగారికి మరల వినిపించితిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "అబ్బాయికి జలుబు చేసిందర్రా, చెప్పలేదు చూశారా" అనిరి. ఆ రాత్రి ఫోనులో విచారింపగా అది నిజమే యయ్యెను.

చదువరులారా, మీ లౌడుస్పీకరును పరీక్షించుటకు మీరెఱిగినవారి గొంతును మించిన సాధనము లేదు. గొప్ప సంగీతమును వినిపింపకమునుపు ఇంటివారి మాటను వినిపింపుడు. వారు పోల్చుకొనిరేని మీ శ్రమ ఫలించినట్లే.