మట్టి రంగు చెప్పేదేమిటి? దాచేదేమిటి?

(ద్వితీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

మా ఇంట్లో పొలాలను రంగుతో పిలుస్తారు. "ఎర్రచేలో కంది వేశాం", "నల్లచేను ఇంకా పదునుకు రాలేదు" అంటారు. మా ఊరు సాగర్ కుడి కాలువ ఆయకట్టు చివర ఉంది. మెరక మీద ఎర్రనేల, దిగువకు వస్తే నల్లరేగడి. రెండూ కలిపి మాకు నాలుగెకరాలు. కాలేజీలో చేరేదాకా నేల గురించి నాకు తెలిసినదంతా ఈ రెండు రంగులే.

ఈ రంగుల లెక్క ఒకసారి మా కొంప ముంచింది. నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా నాన్న పల్లంలో రెండెకరాలు కౌలుకు తీసుకున్నాడు. వేసవిలో చూసి వచ్చి, "నల్లగా నిగనిగలాడుతోందిరా, మిరప విరగకాస్తుంది" అన్నాడు. కౌలు డబ్బు ముందే కట్టాం. నారు నాటిన పదిరోజులకే ఆకుల అంచులు మాడాయి. వాన కురిస్తే నీళ్ళు ఇంకక మడుగు కట్టాయి. ఎండ కాస్తే పైన పెంకు కట్టింది. రెండోసారి నాటినా అంతే. అక్క పెళ్ళికి దాచిన డబ్బు ఆ రెండెకరాల్లో కలిసిపోయింది. పెళ్ళి ఏడాది వెనక్కి పోయింది. చాలాకాలం నాన్న ఆ చేను మాటే ఎత్తలేదు.

నల్లనేల అంటే మంచి నేలే కదా, మరి ఇదేమిటి? ఈ ప్రశ్నకు జవాబు నాకు డిగ్రీ రెండో సంవత్సరంలో దొరికింది. దాన్నే ఇక్కడ తోటి విద్యార్థుల ముందు పెడుతున్నాను.

రంగు చెప్పే సంగతులు

ఎరుపుకు కారణం ఇనుము. ఇనప మేకు వానకు తడిసి ఆరితే తుప్పు పడుతుంది కదా! ఎర్రనేలలో ప్రతి రేణువుకూ అటువంటి తుప్పు పూతే ఉంటుంది. దానిని హెమటైట్ అంటారు. అంటే ఆ నేలలో గాలి ఆడుతోంది, నీరు నిలవడం లేదు అని అర్థం. పసుపుదనం ఉంటే గోథైట్ అనే మరో రకం ఇనప ఆక్సైడు ఉన్నట్టు. ఇది కాస్త చెమ్మ ఎక్కువుండే చోట ఏర్పడుతుంది.

మాగాణిలో ఒక అడుగు తవ్వి చూడండి. బూడిదరంగు, ఒక్కోచోట నీలి ఛాయ కనిపిస్తాయి. నీరు నిలిచి గాలి అందకపోతే సూక్ష్మజీవులు శ్వాసకు ఆక్సిజన్‌కు బదులు ఇనుమునే వాడుకుంటాయి. అప్పుడు ఎర్రరంగు పోతుంది. అయితే వరివేళ్ళ వెంబడి మాత్రం తుప్పురంగు చారలు ఉంటాయి. వరి తన కాండం గుండా వేళ్ళకు గాలి పంపుకుంటుంది. ఆ గాలి తగిలిన మేరకు ఇనుము మళ్ళీ తుప్పు పట్టిందన్నమాట.

ఇక నలుపు. రష్యా శాస్త్రవేత్త దొకుచాయెవ్ 1883లో అక్కడి చెర్నోజెమ్ నేలల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. ఆ నలుపు గడ్డి కుళ్ళగా ఏర్పడ్డ హ్యూమస్‌ది. మన రేగడి కూడా నల్లనిదే గాని, చాలాచోట్ల అందులో సేంద్రియ కర్బనం ఒక శాతం కూడా ఉండదు. ఆ కొద్దిపాటి హ్యూమస్సే బంకమట్టిని గట్టిగా అంటిపెట్టుకుని నేలంతటికీ రంగు పులుముతుంది. కాబట్టి నలుపు చూసి ఎరువు తగ్గించడం పొరపాటు.

మూడో నలుపు ఒకటుంది. అదే మమ్మల్ని ముంచింది. సోడియం కార్బొనేటు ఎక్కువైన నేలలో హ్యూమస్ కరిగి, తేమతో పాటు పైకి వచ్చి, ఎండకు నల్లటి పొరగా నిలుస్తుంది. దానినే కారుచౌడు అంటారు. తెల్లగా ఉప్పు పూసేది పాలచౌడు. దానిని చూస్తే ఎవరైనా జాగ్రత్తపడతారు. కారుచౌడు మాత్రం ఎండాకాలంలో మంచి నేల వేషం వేస్తుంది.

చేతికి తెలిసే సంగతులు

రంగు నేల గడిపిన కాలాన్ని చెబుతుంది. రేపు నీళ్ళు పెడితే ఎలా నడుచుకుంటుందో తెలియాలంటే మట్టిని చేతిలోకి తీసుకోవాలి. ఇసుక, ఒండ్రు, బంక, ఈ మూడింటి పాళ్ళనే పుస్తకాల్లో టెక్స్చర్ అంటారు. అమెరికా వ్యవసాయ శాఖ కొలతలో 2 నుండి 0.05 మి.మీ. దాకా ఇసుక, అక్కడినుండి 0.002 దాకా ఒండ్రు, అంతకన్నా సన్ననిది బంక.

మా తాతయ్య ఈ లెక్కలు చదవలేదు. తడిమట్టిని అరచేతుల మధ్య తాడులా పేని గాజులా వంచేవాడు. ఉండే కట్టకపోతే ఇసుకనేల. తాడై, వంచగానే విరిగితే గరపనేల. గాజు నిలిస్తే బంకనేల. ఇప్పటికీ పొలంలో నిలబడి చేయగలిగిన పరీక్షల్లో ఇది మంచిదే.

రేణువు సన్నబడేకొద్దీ దాని ఉపరితలం పెరుగుతుంది. రేగడిలోని మాంట్‌మొరిల్లొనైట్ బంక ఒక్క గ్రాములో 600 నుండి 800 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. నీరూ, పోషకాలూ పట్టుకునేది అక్కడే. తడిస్తే ఈ బంక ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వేసవిలో రేగడి నెర్రెలివ్వడం ఇందుకే. పైమట్టి ఆ నెర్రెల్లో పడి లోపలికి చేరుతుంది గనుక రేగడి తనను తానే దున్నుకుంటుందని చెబుతారు.

ఎర్రచేలకు చిన్న జల్లు పడినా మొక్క తేరుకుంటుంది. ఎండిన నల్లచేలకు ఆ జల్లు చాలదు. బంక తాను తాగిన నీటిలో కొంత మొక్కకు ఇవ్వకుండా బిగబట్టుకుంటుంది. కాని కడుపునిండా తాగిందంటే, వానలు వెళ్ళిపోయాక కూడా శనగనో జొన్ననో పండిస్తుంది. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ పొలాల్లో ఈ రెండు నేలలూ ఉన్నాయి. రేగడిలో నీరు నిలిచిపోకుండా ఒకటిన్నర మీటరుకొక కాలువ చొప్పున వెడల్పాటి మడులు తీసే పద్ధతిని అక్కడ రూపొందించారు.

గ్లాసెడు నీళ్ళు

మరి కారుచౌడును కనిపెట్టడమెలా? మా కెమిస్ట్రీ మాస్టారు ఒక మాట చెప్పారు. బంకరేకులను కాల్షియం ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. సోడియం ఎక్కువైతే ఆ పట్టు వదిలి, రేకులు విడివడి నేలలోని సందులను పూడ్చేస్తాయి. అందుకే నీరు ఇంకదు, పెంకు కడుతుంది.

సెలవులకు వెళ్ళినప్పుడు ఆ చేలోని పెళ్ళ ఒకటి, మా రేగడి పెళ్ళ ఒకటి తెచ్చి, విడివిడిగా డిస్టిల్డ్ వాటర్‌లో వదిలాను. కదపలేదు. రేగడి పెళ్ళ విచ్చుకుని అడుగున కూర్చుంది, నీరు తేటగానే ఉంది. రెండోదాని చుట్టూ కాసేపటికి పాలమబ్బు లేచి గ్లాసంతా కమ్మింది. మర్నాటికీ తేరలేదు. పి.హెచ్. చూస్తే 9 దాటింది.

రెండు చౌడులకూ వైద్యం వేరు. పాలచౌడుకు మంచినీరు నిలగట్టి, ఉప్పు కరిగాక మురుగుకాలువ ద్వారా తీసేస్తే చాలావరకు బాగుపడుతుంది. కారుచౌడులో ముందుగా పరీక్ష చేయించి తగినంత జిప్సం వేయాలి. అందులోని కాల్షియం సోడియాన్ని తప్పించాకే నీరు పెట్టి కడగాలి. ఆపైన జీలుగ వేసి కలియదున్నితే మేలు. జిప్సం లేకుండా ఎన్ని నీళ్ళు పెట్టినా అవి దిగవు. మేమా సంవత్సరం చేసింది అదే.

మొన్న సంక్రాంతికి నాన్న మరో ఎకరం కౌలు మాట అనుకుంటున్నాడు. చేను యజమాని దగ్గరకు వెళ్ళేముందు తువ్వాల్లో ఒక పెళ్ళ కట్టి తెచ్చి, "నీ గ్లాసు తియ్యిరా" అన్నాడు. బోరునీటిలో ఉప్పు ఉంటే పరీక్ష తప్పుతుంది గనుక ట్రాక్టరు బ్యాటరీలో పోసే నీళ్ళు తెచ్చాం. ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. మెల్లగా పాలమబ్బు లేచింది. నాన్న కొంచెంసేపు చూసి, గ్లాసు పారబోసి, "ఇది వద్దులే" అన్నాడు. ఆరోజు మాకు ఖర్చయింది గ్లాసెడు నీళ్ళే.

మనలో చాలామందిమి రైతుబిడ్డలం. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు మీ చేలోనుంచి ఒక మట్టిపెళ్ళ పట్టుకురండి. ముందు రంగు చూడండి. తర్వాత గాజు వంచండి. ఆ తర్వాత నీళ్ళలో వేసి కాస్త ఓపికపట్టండి.