కోనసముద్రం: ఉక్కు బాటలో ఒక పల్లె

పాత వర్తక మార్గంలోని మారుమూల పల్లె అనగానే హిమాలయ కనుమలు మన మనస్సున మెదలుతాయి. అట్టి పల్లె మన ఆర్మూరుకు చేరువలోనే కలదు. అదే కమ్మర్‌పల్లి ప్రాంతంలోని కోనసముద్రం.

ఇచ్చటి కమ్మరులు రెండు రకాల ఇనుమును మట్టి మూసలలో బంధించి, కొలిమిలో సుమారు ఒక దినం కాల్చి, మెల్లగా చల్లార్చేవారు. అంతట కర్బనం తగుపాళ్ళలో కుదిరి మేలిమి ఉక్కు ముద్ద సిద్ధమయ్యేది. 1820 ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ ఈ విధానాన్ని పరిశీలించి వర్ణించాడు. ఆనాడు పారసీక వర్తకులు ఈ ఉక్కుకై ఇంతదూరం వచ్చేవారు. డమాస్కస్ కత్తులుగా పేరొందిన ఖడ్గాలకు ఇట్టి దక్షిణాపథపు ఉక్కే మూలద్రవ్యం. ఆంగ్లేయుల ‘వూట్జ్’ అన్న మాట ‘ఉక్కు’ నుండి పుట్టినదని పలువురు పండితుల అభిప్రాయం.

యంత్రాలపై తయారైన ఉక్కు చౌకగా లభించుటతో ఈ కొలిములు క్రమంగా చల్లారిపోయాయి. కత్తికి దూరనగరం పేరు దక్కింది. ఉక్కు చేసిన పల్లె పేరు మరుగున పడింది.

2010లో బెంగళూరు, ఎక్సెటర్ పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెలలో ఇనుప చిట్టెపు దిబ్బలను పరిశీలించారు. ఆ దిబ్బలు చదును కాకముందే మన విద్యార్థులు వాటిని చూడవలెననీ, వృద్ధుల నోట మిగిలిన కమ్మరి పనిమాటలను వ్రాసియుంచవలెననీ మేము కోరుతున్నాము.